సింకు కింది మిషన్ నమిలేస్తుంది సరే, పైపు మింగాలి కదా!

వంటింటి సింకు కింద బిగించి, సింకులో పడ్డ తిండి చెత్తను నలిపి నీళ్లతో పాటు డ్రైనేజీ పైపులోకి పంపే మిషన్‌ని గార్బేజ్ డిస్పోజల్ అంటారు. ఆ పేరుతోనే సగం గొడవ మొదలవుతుంది. అది వినగానే సింకు కింద దాచిపెట్టిన చెత్తబుట్ట ఏదో ఉందనీ, అందులో ఏం పడేసినా మాయమైపోతుందనీ అనిపిస్తుంది. దీన్ని కనిపెట్టిన జాన్ హామ్స్ పెట్టుకున్న కంపెనీ పేరు కూడా అదే భ్రమ కలిగిస్తుంది. ఆయన అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, రసీన్ ఊరికి చెందిన ఆర్కిటెక్ట్. 1927లో ఈ మిషన్‌కి రూపం ఇచ్చాడు, 1935లో పేటెంట్ చేతికొచ్చింది, 1938లో ‘ఇన్‌సింకరేటర్’ పేరుతో కంపెనీ మొదలుపెట్టాడు. చెత్తను కాల్చి బూడిద చేసే కొలిమిని ఇన్సినరేటర్ అంటారు కదా, ఆ మాటలో సింకును ఇరికించినట్టు ఉంటుంది ఈ పేరు. కానీ ఈ మిషన్ దేన్నీ కాల్చదు, కరిగించదు. పెద్ద ముక్కను చిన్న ముక్క చేస్తుంది, అంతే. సింకులో వేసిన చెత్త ఎంత బరువుందో, కింద పైపులోకి దిగే చెత్త కూడా అంతే బరువుంటుంది.

ఈ సంగతి నాకు బకెట్ పట్టుకుని సింకు కింద కూర్చున్న రోజున తెలిసింది. చుట్టాలు భోజనానికి వస్తున్నారని ఆ సాయంత్రం మూడు కిలోల బంగాళాదుంపలకి చెక్కు తీశాను. తొక్కలన్నీ సింకులో కుప్పపోసి, కుళాయి తిప్పి, స్విచ్ వేశాను. మిషన్ కాసేపు గరగరలాడి మొత్తం మింగేసింది. భలే ఉందే అనుకున్నాను. అరగంట తర్వాత గిన్నెలు తోముతుంటే పక్క సింకులోంచి బూడిద రంగు నీళ్లు మెల్లగా పైకి ఊరుతున్నాయి. మిషన్ ఆగిపోయిందేమోనని మళ్లీ స్విచ్ వేశాను. అది నిక్షేపంగా తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా ఆ నీళ్లను పక్క సింకులోకి ఇంకాస్త తోస్తోంది. బయట కాలింగ్ బెల్ మోగింది. ఆ టెన్షన్‌లోనే కింద బకెట్ పెట్టి వంపు పైపు విప్పాను. లోపల గోడలకి పూసే పుట్టీలాంటి ముద్ద బిగిసి ఉంది. వేలు పెట్టి లాగితే పైపు ఆకారంలోనే, వంపుతో సహా, ఊడి వచ్చింది. అందులో తొక్క అని చెప్పుకోదగ్గ ముక్క ఒక్కటీ లేదు. మిషన్ తన పని నూటికి నూరుపాళ్లు చేసింది. చెడింది మిషన్ కాదు, పైపులో దారి.

అందుకే దీని గురించి వినిపించే సలహాలు ఒకదానికొకటి పొసగవు. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో కాఫీ పొడి వేయవచ్చని ఉంటుంది. ప్లంబర్‌ని అడిగితే ఛస్తే వేయొద్దంటాడు. ఒకరు కోడిగుడ్డు పెంకులు మంచివంటారు, ఇంకొకరు అవే కొంప ముంచుతాయంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. పుస్తకం రాసినవాళ్లు మిషన్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు, పైగా నీళ్లు దండిగా వదలాలని పక్కనే షరతు కూడా పెడతారు. ప్లంబర్ చూసేది మిషన్ దాటాక ఉన్న పైపుని. మిషన్ ఎలాగూ కొత్తదే, పైపు మాత్రం ఇంటితో పాటు పుట్టింది. దాని వాలు ఎంతో, లోపల ఎన్నేళ్ల జిడ్డు పేరుకుందో ఎవరికీ తెలియదు. కాబట్టి ఏ వస్తువైనా చేతిలోకి తీసుకున్నప్పుడు ‘దీన్ని మిషన్ నలగ్గొట్టగలదా’ అని ఆలోచించి లాభం లేదు. చాలావాటిని నలగ్గొడుతుంది. ‘నలిగాక ఇది పైపులో ఎలా ప్రవర్తిస్తుంది’ అన్నదే చూసుకోవాలి.

మిక్సీ కాదు, తురుముపీట

లోపల పదునైన బ్లేడ్లు గిర్రున తిరుగుతుంటాయని చాలామంది అనుకుంటారు. టార్చి వేసి చూస్తే బ్లేడు అన్నదే కనపడదు. అడుగున ఒక గుండ్రటి పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే రెండు మొద్దు ఇనప ముక్కలు ఉంటాయి. పళ్లెం చుట్టూ గోడకి రంధ్రాలూ గాడులూ ఉన్న ఉంగరం బిగించి ఉంటుంది. మోటారు పళ్లేన్ని తిప్పుతుంది. అమెరికన్ ఇళ్లలో వాడే మామూలు ఇండక్షన్ మోటారు అయితే నిమిషానికి దాదాపు 1725 చుట్లు, అయస్కాంతం మోటారు రకమైతే 2600కి పైన. ఆ విసురుకి చెత్త అంచుకి కొట్టుకుపోతుంది. ఇనప ముక్కలు దాన్ని ఉంగరానికి అదిమి రాస్తాయి. కొబ్బరి తురిమినట్టే. రంధ్రంలో పట్టేంత చిన్నదయ్యాక నీళ్లతో కలిసి కిందికి జారుతుంది. ఇక్కడ కోసే పని లేదు, రాపిడే.

ఇది తెలిస్తే పీచు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. తురుముపీట మీద మొక్కజొన్న పొత్తు ఆకుని రాసి చూడండి. తురుము రాదు, దారాలు వస్తాయి. ఆ దారాలు ఇనప ముక్కలకి చుట్టుకుంటాయి, లేదా ఉండలా మారి పైపు వంపులో వలలాగా పరుచుకుంటాయి. మొక్కజొన్న పీచు, అరటి తొక్క, కాడల ఈనెలు, ఉల్లిపాయ పైన ఎండిన పొర అన్నీ ఈ కోవలోవే. ఉల్లిపొరది మరో తంటా. అది పలచగా, చదునుగా ఉండటంతో కొన్నిసార్లు నలగకుండానే నీళ్లతో జారిపోయి కిందెక్కడో మూతలా అంటుకుంటుంది.

మిషన్ మీద ఉండే హార్స్ పవర్ లెక్క కూడా ఈ సందర్భంలోనే చూడాలి. మూడోవంతు, అర, ముప్పావు, ఒకటి అని రకరకాలుగా దొరుకుతాయి. పెద్దది కొంటే అడ్డుపడటం తగ్గుతుందని షాపులో చెబుతారు. మిషన్ లోపల ఇరుక్కోవడం తగ్గుతుంది, నిజమే. మెత్తగా నలిగితే పైపుకి కొంత సాయం కూడా. కానీ ఒక హార్స్ పవర్ మోటారు ఉన్నా నా బంగాళాదుంప తొక్కలు అదే వంపులో, అదే పుట్టీ అయి కూర్చునేవి. కాకపోతే ఇంకా నున్నటి పుట్టీ.

బరువు మోసేది నీళ్లే

సింకు కింద ఇంగ్లీషు ‘యు’ అక్షరంలా వంగిన పైపుని ప్లంబర్లు పి-ట్రాప్ అంటారు. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. డ్రైనేజీ వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ నీళ్లే. అందుకే వంపు తీసేయడానికి లేదు. అది దాటాక పైపు గోడలోకి వెళ్లి, కాస్త దూరం దాదాపు అడ్డంగా నడిచి, నిలువు పైపులో కలుస్తుంది. ఆ అడ్డం పైపుకి అడుగు దూరానికి పావు అంగుళం చొప్పున వాలు ఉండాలని అమెరికాలో చిన్న పైపులకు సాధారణంగా పాటించే లెక్క. అంటే మీటరుకి రెండు సెంటీమీటర్లు. కంటితో చూస్తే వాలు ఉన్నట్టే తెలియదు. నలిగిన చెత్త అంత చిన్న వాలు మీద తనంతట తాను జారదు. నీళ్లు మోసుకెళ్లాల్సిందే.

ఎన్ని నీళ్లు? కుళాయి బాగా తిప్పితే నిమిషానికి ఆరు లీటర్లు వస్తాయనుకుందాం, అంటే సెకనుకి వంద మిల్లీలీటర్లు. సింకు పైపు ఒకటిన్నర అంగుళం వెడల్పు అయితే మీటరు పొడవుకి లోపల లీటరుకి కాస్త పైన పడుతుంది. మిషన్ శబ్దం తేలికపడగానే స్విచ్ కట్టేసి, వెంటనే కుళాయి కూడా కట్టేశామనుకోండి. ఆఖరి ముద్ద అప్పుడే వంపులోకి దిగి ఉంటుంది. వెనక నుంచి తోసే నీళ్లు లేవు కాబట్టి అక్కడే కూర్చుంటుంది. ఇంకో ఇరవై సెకన్లు కుళాయి వదిలితే రెండు లీటర్లు వెళ్తాయి. వంపులో ఉన్నదంతా కదిలి అడ్డం పైపులో ముందుకి పోతుంది. పైపు దూరం ఎక్కువైతే అర నిమిషం వదలాలి. నీళ్లు వృథా అనిపించవచ్చు. వంపు విప్పి కడగడానికి నాకు ఎన్ని బకెట్లు పట్టిందో చెబితే అలా అనిపించదు.

వరస కూడా ముఖ్యమే. ముందు కుళాయి, తర్వాత స్విచ్, ఆ తర్వాత చెత్త. మనం సాధారణంగా తలకిందులుగా చేస్తాం. చెత్తంతా కూరి, స్విచ్ వేసి, అది మూలుగుతుంటే అప్పుడు కుళాయి తిప్పుతాం. కూరిన చెత్త పళ్లేన్ని అసలు తిరగనివ్వదు, మోటారు వేడెక్కుతుంది. తిరుగుతున్న పళ్లెం మీదికి కొంచెం కొంచెంగా జారవిడిస్తే ఆ ఇబ్బంది లేదు. మూత పెట్టి తిప్పితేనే పనిచేసే బ్యాచ్ ఫీడ్ రకం అయితే ముందే చెత్త వేయక తప్పదు. అందులో సగానికి మించి నింపకుండా ఉంటే చాలు.

వాడాల్సింది చన్నీళ్లు. జిడ్డుకి వేడినీళ్లే మంచివని మన అనుభవం చెబుతుంది కాబట్టి ఇది ఎవరికీ నమ్మబుద్ధి కాదు. గిన్నె విషయంలో ఆ అనుభవం నిజమే, ఎందుకంటే అక్కడ జిడ్డు గిన్నెని వదిలిపోతే మన పని అయిపోతుంది. ఎక్కడికి పోయిందన్నది మనకి అక్కర్లేదు. పైపు విషయంలో అదే అసలు సంగతి. వెన్న ముప్పై అయిదు డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. వేడినీళ్లతో కలిసి ద్రవంగా వెళ్లి, రెండు మీటర్లు పోయాక పైపు చల్లదనానికి మళ్లీ గడ్డకడుతుంది. ఈసారి గోడకి అంటుకుని. చన్నీళ్లలో అయితే కొవ్వు గట్టిగానే ఉంటుంది, చిన్న పలుకులుగా విరిగి నీళ్లతో పాటు తేలుతూ పోయే అవకాశం ఉంటుంది. గిన్నెలు తోమేటప్పుడు వేడినీళ్లు వాడుకోవచ్చు, మిషన్ తిరిగేటప్పుడు మాత్రం వద్దు.

జిడ్డూ, పిండీ, మడ్డీ

చన్నీళ్లు వాడుతున్నాం కదా అని నూనె పోసేయడానికి అనుమతి దొరికినట్టు కాదు. వేయించాక మూకుట్లో మిగిలిన నూనె, మాంసం ఉడికినప్పుడు తేలే కొవ్వు, వెన్న, మీగడ ఏవీ సింకులోకి పోవాల్సినవి కావు. మిషన్ వీటిని ఏమీ చేయలేదు. ద్రవాన్ని తురమడం ఎవరి తరం? జిడ్డు మొదటి రోజున పైపు గోడకి పలచటి పూతలా పడుతుంది. దాని మీద మర్నాటి పలుకులు అంటుకుంటాయి, వాటి మీద మళ్లీ పూత. ఒకటిన్నర అంగుళం పైపు ఒక అంగుళం పైపు అవుతుంది, ఆ తర్వాత అర. ఇందులో రసాయనం కూడా ఉంది. కొవ్వు విరిగితే వచ్చే ఆమ్లాలు నీటిలోని కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థం అవుతాయి. అది వేడినీళ్లకి కరగదు. అందుకే పాత డ్రైనేజీల్లో తెల్లగా, సున్నం పెళ్లల్లా ఊడివచ్చే జిడ్డు కనిపిస్తుంది.

ఇదే ఊరంత స్థాయిలో జరిగితే ఎలా ఉంటుందో లండన్ వాళ్లు చూశారు. 2017లో వైట్‌చాపెల్ ప్రాంతంలో మురుగుకాలువ లోపల కొవ్వూ, వాడి పారేసిన తడి వైప్స్ కలిసి రాయిలా గడ్డకట్టిన దిబ్బ బయటపడింది. 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. వారాల తరబడి కార్మికులు దిగి దాన్ని పగలగొట్టి తోడారు. అందులోంచి ఒక ముక్క తీసి మరుసటి ఏడాది లండన్ మ్యూజియంలో ప్రదర్శనకి పెట్టారు కూడా. జనం మ్యూజియం దాకా వెళ్లకుండానే తమ ఇంట్లో చూడగలిగే వస్తువు అది, కాకపోతే చిన్న సైజులో.

డిష్ వాష్ సబ్బు పోస్తే జిడ్డు వదిలిపోదా అంటే, సబ్బు జిడ్డుని చిన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లలో పట్టి ఉంచుతుంది. అదే పైపులో పైనుంచి ఇంకా నీళ్లు కలిసి సబ్బు పలచబడితే ఆ పట్టు సడలి చుక్కలు మళ్లీ దగ్గరికి చేరతాయి. పళ్లెం అంచున మిగిలిన నూనె మరకకి సబ్బు సరిపోతుంది. మూకుడు నూనెకి సరిపోదు. నూనె చల్లారనిచ్చి పాత డబ్బాలోకి వంపేసుకుని, గిన్నెని కాగితంతో ఒకసారి తుడిచి, ఆ తర్వాతే సింకులో పెట్టుకోవాలి. మొత్తం వ్యాసంలో ఒక్క పని మాత్రమే పాటించే ఓపిక మీకుంటే, ఇదే పాటించండి.

జిడ్డు తర్వాత పిండి పదార్థం. అన్నం, పాస్తా, బ్రెడ్డు, దుంపలు. అన్నం మెతుకు మెత్తగా ఉంటుంది కాబట్టి దీనికన్నా సులువైనది ఉండదనుకుంటాం. మిషన్‌కి సులువే. కానీ ఉడికిన మెతుకుని నలిపితే వచ్చేది జిగురు, కాగితాలు అంటించడానికి వాడిన మెతుకులు గుర్తున్నాయా? అదే. పచ్చి దుంప తొక్క నుంచి ఊడిన పిండి అయితే నీళ్లలో అడుక్కి దిగుతుంది. బంగాళాదుంపలు కోసిన గిన్నెలో నీళ్లు కాసేపు కదపకుండా ఉంచి వంపేస్తే అడుగున తెల్లటి గట్టి పొర కనిపిస్తుంది, గరిటెతో గీకితే తప్ప రాదు. పి-ట్రాప్ అంటే ఎప్పుడూ కదపకుండా ఉంచిన గిన్నె అని గుర్తుపెట్టుకుంటే చాలు. నాలుగు మెతుకులు, రెండు తొక్కలు అయితే నీళ్లు ఈడ్చుకుపోతాయి. గిన్నెడు అన్నం, కిలో తొక్కలు ఒకేసారి వేయడంతోనే వస్తుంది చిక్కు.

కాఫీ పొడి, టీ పొడి మూడో రకం. ఇవి ఉబ్బవు, అంటుకోవు, ఊరికే బరువుగా అడుగున కూర్చుంటాయి. ఏటి అడుగున ఇసుక మేట వేసినట్టు పైపు అడుగున మడ్డి మేట వేస్తుంది. పైపులో జిడ్డు లేకపోతే, వాలు బాగుంటే, రోజూ చెంచాడు పొడి వెళ్లినా ఏమీ కాదు. జిడ్డు ఉంటే అందులో ఇది కలిసి సిమెంటులో ఇసుకలా పనిచేస్తుంది. కోడిగుడ్డు పెంకు కూడా నలిగాక ఇసుకే. పెంకు లోపలి పలచటి పొర మాత్రం నలగకుండా ముక్కల్ని చుట్టుకుంటుంది. పెంకులు మిషన్‌కి సాన పడతాయన్న మాట ఉత్తిదే. సాన పట్టడానికి అందులో బ్లేడ్లే లేవని చూశాం కదా.

ఎముకలు, మామిడి టెంకలు, రొయ్య పెంకులు, గాజు, చెంచాలు, సీసా మూతలు, గిన్నెలు తోమే పీచు... వీటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు, వేయకూడదు. వండేసిన కూర ముక్కలు, మెత్తటి పండ్లు, పళ్లెంలో మిగిలిన నాలుగు మెతుకులు, గిన్నె కడిగిన నీళ్లలో వచ్చే తునకలు వెళ్లవచ్చు. నా లెక్కలో ఈ మిషన్ ఉన్నది గిన్నె ఖాళీ చేయడానికి కాదు, ఖాళీ చేసిన గిన్నెకి అంటుకుని మిగిలిన దానికోసం. తొక్కలూ పొడులూ పక్కన డబ్బాలో వేసుకుంటే ఎరువైనా అవుతాయి.

మిషన్ ఏం అంటోందో వినడం

ఆగిపోయినప్పుడు అందరూ చేసే పని స్విచ్‌ని టకటకా నాలుగుసార్లు వేసి చూడటం. దానికన్నా ఒక్కసారి వేసి చెవి పెడితే జబ్బు ఏమిటో చాలావరకు తెలిసిపోతుంది.

అసలు చప్పుడే లేదంటే కరెంటు అందడం లేదు. మిషన్ అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటారు మరీ వేడెక్కితే అదే బయటికి పొడుచుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. స్విచ్ కట్టేసి, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, బటన్ లోపలికి నొక్కితే చాలాసార్లు మళ్లీ బతుకుతుంది. ఈ బటన్ సంగతి తెలియక కొత్త మిషన్ కొన్నవాళ్లున్నారు. నొక్కినా పలక్కపోతే ప్లగ్గు, బ్రేకర్ చూసుకోవాలి.

‘మ్‌మ్‌మ్’ అని మూలుగుతూ తిరగడం లేదంటే ఏదో ఇరుక్కుంది. ఇక్కడ వెంటనే స్విచ్ కట్టేయాలి. మూలుగుతున్నంతసేపూ మోటారు వేడెక్కుతూనే ఉంటుంది. తర్వాత ప్లగ్గు పీకేయాలి, ప్లగ్గు లేకపోతే బ్రేకర్ దించాలి. స్విచ్ కట్టేశాం కదా అని ఊరుకోకూడదు, పక్కనుంచి ఎవరో లైటనుకుని నొక్కవచ్చు. చాలా మిషన్ల అడుగున సరిగ్గా మధ్యలో ఆరు పలకల రంధ్రం ఉంటుంది. అందులో పావు అంగుళం ఆలెన్ కీ (ఆరు పలకల కడ్డీని ‘ఎల్’ ఆకారంలో వంచిన తాళం) పెట్టి అటూ ఇటూ బలంగా తిప్పితే పళ్లెం కదులుతుంది, ఇరుక్కున్నది వదులుతుంది. ఆ రంధ్రం లేని రకమైతే పైనుంచి చీపురు కర్ర చివర పెట్టి పళ్లెం మీది ఇనప ముక్కని తోయవచ్చు. ఆ తర్వాత టార్చి వేసి చూసి, దొరికినదాన్ని పటకారుతో తీయాలి. చేయి మాత్రం పెట్టకూడదు. ప్లగ్గు పీకినా సరే, విరిగిన గాజు ముక్కకి కరెంటుతో పనిలేదు.

ఖణేల్, ఖణేల్ మని మోగుతుంటే చెంచా పడింది. వెంటనే కట్టేస్తే చెంచా వంకరతో పోతుంది.

ఇక బాగానే తిరుగుతోంది కానీ నీళ్లు దిగడం లేదంటే, అది నా బంగాళాదుంపల కేసు. మిషన్‌ని ఏం చేసినా లాభం లేదు, అడ్డం ఎక్కడుందో కనుక్కోవాలి. రెండు సింకులుంటే పని సులువు. మిషన్ ఉన్న సింకులో నిలిచి, రెండోది బాగానే దిగుతోందంటే రెండూ కలిసే చోటుకి ముందే అడ్డం ఉంది. ఒకదాంట్లో పోస్తే రెండోదాంట్లోంచి వస్తోందంటే కలిశాక ఉంది, ఎక్కువగా వంపులో. వంపు విప్పి చూస్తే ఖాళీగా ఉంటే అడ్డం గోడ లోపలికి పోయిందన్నమాట. అక్కడ స్ప్రింగులాంటి పొడవాటి తీగ దింపాలి, చేత కాకపోతే ప్లంబర్‌ని పిలవాలి.

ముందు ప్లంజర్‌తో, అంటే కర్రకి రబ్బరు గిన్నె తగిలించిన పరికరంతో, ప్రయత్నించడం మంచిదే, కాకపోతే రెండు జాగ్రత్తలు. రెండో సింకు రంధ్రాన్ని తడిగుడ్డతో గట్టిగా మూయాలి, లేకపోతే మీ బలమంతా అటునుంచి గాలిలా పోతుంది. డిష్ వాషర్ గొట్టం మిషన్‌కి తగిలించి ఉంటే దాన్ని బిగించి పట్టాలి. లేకుంటే మురికి నీళ్లు కడిగిన గిన్నెల మీదికి తన్నుకెళ్తాయి.

చేయకూడనిది, అయినా అందరూ మొదట చేసేది, డ్రెయిన్ క్లీనర్ రసాయనం పోయడం. వాటిలో చాలావాటికి ఆధారం కాస్టిక్ సోడా. నీళ్లు నిలిచి ఉన్న సింకులో పోస్తే అది అడ్డం దాకా చేరకముందే పలచబడిపోతుంది, లేదా మిషన్ లోపలే నిలిచి రబ్బరునీ, లోహాన్నీ తింటుంది. అన్నిటికన్నా ప్రమాదం ఆ తర్వాతది. అడ్డం పోలేదు, వంపు విప్పాలి, అందులో ఉన్నవి ఇక నీళ్లు కావు. విప్పేవాడి మొహం సరిగ్గా కింద ఉంటుంది. ఇప్పటికే పోసి ఉంటే ప్లంబర్‌కి ఆ మాట ముందే చెప్పండి, సిగ్గుపడి దాచాల్సిన విషయం కాదది. వంటసోడా, వెనిగర్ కలిపితే వచ్చే నురగ చూడటానికి బాగుంటుంది. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం, కలిస్తే దాదాపు ఉప్పునీళ్లు మిగులుతాయి. వాసనకి కొంత పనిచేస్తుంది, ముద్దకట్టిన పిండిని కదిలించదు.

వాసన అన్నాం కాబట్టి. నిమ్మ తొక్కలు వేస్తే కంపు పోతుందంటారు, ఓ గంట పోతుంది. ఆ కంపు చాలావరకు పుట్టేది కింద కాదు, సింకు నోటి దగ్గర పూరేకుల్లా చీలి ఉండే నల్ల రబ్బరు మూత అడుగున. చెత్త చిమ్మినదంతా అక్కడ అంటుకుంటుంది, పైనుంచి చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది. ప్లగ్గు పీకి, ఆ రబ్బరు రేకుల్ని మడిచి, పాత టూత్ బ్రష్‌తో సబ్బు పెట్టి ఒకసారి రుద్దండి. బ్రష్‌కి ఏం అంటుకుని వచ్చిందో వర్ణించను. ఆ తర్వాత గుప్పెడు ఐసు ముక్కలు వేసి చన్నీళ్లతో తిప్పితే లోపలి గోడలకి పట్టిన పాచి కొంత రాలుతుంది.

ఇల్లు దాటాక

సింకు పైపు చివర ఏముందన్నదాన్ని బట్టి కూడా ఈ మిషన్ మంచిచెడ్డలు మారతాయి. సెప్టిక్ ట్యాంకు ఉంటే నలిగిన చెత్తంతా అందులోనే చేరుతుంది. ట్యాంకులో సూక్ష్మజీవులు కొంత తింటాయి కానీ మడ్డి త్వరగా నిండుతుంది, తోడించడం త్వరత్వరగా అవసరమవుతుంది. నూనె పైన తెట్టులా తేలి బయటికి పోయే దారిని పాడుచేస్తుంది. ట్యాంకు ఉన్నవాళ్లు ఈ మిషన్‌ని ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

ఊరి మురుగుకాలువ అయితే సంగతి వేరు. వాననీళ్లూ మురుగూ ఒకే పాత కాలువలో పోయే న్యూయార్క్ లాంటి చోట చాలా ఏళ్లు ఇళ్లలో ఈ మిషన్ పెట్టుకోవడానికే అనుమతి లేదు. ఆ నిషేధాన్ని 1997లో ఎత్తేశారు. మరోపక్క, మురుగు శుద్ధి చేసేచోట గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే ఏర్పాటు ఉంటే, మీ సింకు చెత్త అక్కడ ఇంధనం అవుతుంది. చెత్త లారీలో వెళ్లి గుట్టలో కుళ్లడం కన్నా అది నయమని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో పస ఉంది. కానీ అంతదూరం ప్రయాణం చేయాలంటే ముందు మీ ఇంటి అడ్డం పైపు దాటాలి.

కొత్తగా బిగించినప్పుడు ఒకటి చూసుకోండి. మిషన్ పక్కన డిష్ వాషర్ గొట్టం తగిలించే మూతి ఉంటుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు దాని లోపల ప్లాస్టిక్ బిళ్లతో మూసి ఉంటుంది, డిష్ వాషర్ లేనివాళ్ల కోసం. స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి ఆ బిళ్ల ఊడగొట్టి, మిషన్ లోపల పడిన దాన్ని బయటికి తీసేశాకే గొట్టం తగిలించాలి. ఇది మర్చిపోవడం ఎంత మామూలంటే, ‘కొత్త మిషన్ పెట్టాక డిష్ వాషర్‌లో నీళ్లు నిలుస్తున్నాయి’ అని ఎవరైనా అంటే మొదట అడగాల్సింది ఈ బిళ్ల గురించే. డిష్ వాషర్ నీళ్లు ఈ మిషన్ గుండానే పోతాయి కాబట్టి, దాన్ని ఆన్ చేసే ముందు మిషన్‌ని ఒకసారి తిప్పి ఖాళీ చేసి పెట్టడం కూడా అలవాటు చేసుకోవాలి.

నీళ్లు కారుతుంటే ఎక్కడినుంచో పొడిగుడ్డతో తడిమి చూడండి. సింకుకి అతికిన పై అంచు దగ్గరైతే మళ్లీ ప్లంబర్లు వాడే పుట్టీ పెట్టి బిగిస్తే సరిపోతుంది. పక్క గొట్టాల దగ్గరైతే క్లిప్పు బిగించడమో, రబ్బరు వాషర్ మార్చడమో. సరిగ్గా అడుగునుంచి, ఎర్ర బటన్ పక్కనుంచి కారుతోందంటే మోటారుని కాపాడే లోపలి సీలు పోయిందన్నమాట. దానికి రిపేరు చూడకుండా ప్లగ్గు పీకి, కొత్త మిషన్ తెచ్చుకోవడమే.